పనిచేసేవారి మాట

ఆదివారం పొద్దున్నే మెర్లిన్ తన అత్తగారిని మంచం మీంచి లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంటే, డేవిడ్‌రాజ్ గుమ్మంలో నిలబడి ఫోటో తీశాడు. ఆమె ఆరాధనకు చీర మార్చుకునేలోగానే అది చర్చి వాట్సాప్ గ్రూపులో పడింది. కింద "నా భార్య, దేవుడు మా అమ్మకిచ్చిన కూతురు" అని రాశాడు. మధ్యాహ్నానికి నలభై ఆమెన్‌లు వచ్చాయి. చెయ్యి వెయ్యమంటే దొరకడు గానీ ఫోటోకు మాత్రం పిలవకుండానే వస్తాడు మహానుభావుడు.

అత్తగారు డైసీకి పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి ఎనిమిది నెలలైంది. మనిషి అరవై రెండు కిలోలు. పగలు కనిపెట్టుకుని ఉండే నూకమ్మ వయసులో పెద్దది, అన్నం తినిపిస్తుంది గానీ ఎత్తలేదు. అందుకని మధ్యాహ్నం కూడా మెర్లినే ఆఫీసు నుంచి స్కూటీ మీద కోహ్కా పేటలోని ఇంటికి పరుగెత్తుకొస్తుంది. లేపడం, పడుకోబెట్టడం కలిపి రోజుకు ఎనిమిదిసార్లు. డేవిడ్‌రాజ్ పొద్దున జిమ్‌లో అంతకంటే ఎక్కువ బరువే ఎత్తి, పదింటికి పవర్ హౌస్ బజారులో తన మొబైల్ దుకాణం తెరుస్తాడు. "అమ్మ ఆడమనిషి కదా, నేను పట్టుకుంటే సిగ్గుపడుద్ది. తుమ్ దేఖ్‌లో నా, నువ్వే చూసుకో," అంటాడు. విశాఖ నుంచి ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా "ఆఫీసులో కూర్చునే పనే కదా వదినా, కాస్త ఒళ్ళొంచితే నీకూ మంచిదే," అంటుంది. ఒడ్డున కూర్చున్నవాళ్ళకు ఈత ఎప్పుడూ సులువే.

మెర్లిన్ ఆఫీసు ఓ ఇనుప వర్క్‌షాపు. ఏ పని ఎవరి ఒంటిని ఎంత దెబ్బ తీస్తుందో లెక్కగట్టడమే అక్కడ ఆమె పని. మనిషి పనిచేస్తుండగా పక్కనుంచి ఫోటో తీసి, మెడ ఎంత వంగింది, నడుము ఎంత తిరిగింది, బరువెంత, రోజుకు ఎన్నిసార్లు అని చూసి అంకెలు వేస్తుంది. మొత్తం పదకొండుకు చేరితే ఆ పని అలాగే సాగనివ్వకూడదు. నేలమీద వంగి వెల్డింగు చేసే వాళ్ళకు పోరాడి ఎత్తు బల్లలు వేయించింది. వాళ్ళంతా దీదీ దీదీ అని ప్రాణం పెడతారు.

ఆ దీదీ నడుమే రెండు నెలలుగా పట్టేసి, నొప్పి ఎడమ కాల్లోకి దిగుతోంది. స్కాన్ చూసిన డాక్టరు, ఇంకోసారి డిస్క్ జారితే ఆపరేషనేననీ, తర్వాత వర్క్‌షాపు మెట్లెక్కే ఉద్యోగం మరిచిపోవాలనీ చెప్పాడు. భర్తకు చెబితే నడుం బెల్టు కొనితెచ్చాడు. అత్తగారికి మాత్రం చెప్పలేదు. నీ బరువుకే నా నడుము విరుగుతోందని మంచంలో ఉన్న మనిషితో ఏ నోటితో చెబుతుంది?

సాయంత్రం ఆమెన్‌లు చూద్దామని ఫోటో తెరిచింది. చూపు తిన్నగా తన నడుము మీదకే పోయింది. ఆ వంగినది వర్క్‌షాపులో ఎవరైనా అయ్యుంటే అక్కడికక్కడే పని ఆపించేది. తన ఒళ్ళు తనకే పరాయి మనిషిదిలా కనిపించి జాలేసింది. అత్తగారి మంచం పక్కనే కూర్చుని, బ్యాగులోంచి ఖాళీ ఫారం తీసి నింపింది. పన్నెండు వచ్చింది. పక్షపాతం చూపానేమోనని మళ్ళీ వేసింది. పన్నెండే. చివర్న "పనిచేసేవారి మాట" అని ఓ గడి ఉంటుంది. ఎక్కడ నొప్పి అని ఎన్ని వందల మందిని అడిగి ఆ గడి నింపిందో. ఇప్పుడు పెన్ను కదల్లేదు. తననెవరూ అడగలేదు మరి.

"ఏటే రాస్తన్నావు?" అంది డైసీ.

ఆఫీసు పని అనేయబోయింది. అని ఉంటే రేపు పొద్దున మళ్ళీ అదే మంచం, అదే నడుము.

"మిమ్మల్ని ఎత్తే పని గురించి, అత్తయ్యా," అని మొదటినుంచీ చదివి వినిపించింది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు "ఉజ్జోగం సాకు సెప్పి వంట తప్పించుకుంతావేటి," అన్న మనిషి ఈమె. ఏమంటుందో.

"నొప్పెక్కడే?"

"నడుము. కాల్లోకి దిగుతోంది."

"ఎన్నాళ్ళయింది?"

"రెండు నెలలు."

"నాకు సెప్పొద్దేటే, పిచ్చిదానా. రాయి. అది కూడా రాయి."

మెర్లిన్ రాసింది. అక్షరాలు తడిసిపోయాయి. పదిహేడేళ్ళ కాపురంలో ఆ మనిషి అన్న ముళ్ళ మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్నకు చెల్లిపోయినట్టనిపించి, ఆమె కుడిచెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకుంది. దేవుడికి కూడా అంత మనసారా స్తోత్రం చెప్పి ఎరుగదు.

రాత్రి భోజనానికి లేపబోతే డైసీ మంచం కమ్మీ పట్టుకుని వదల్లేదు.

"నువ్వెత్తకు. ఆడొచ్చేదాకా నానిలాగే ఉంతాను. డేవిడూ, ఇలా రా."

టీవీ దగ్గర్నుంచి వచ్చిన డేవిడ్‌రాజ్ తల గోక్కున్నాడు. "నాకెందుకమ్మా, నీకే సిగ్గు..."

"నాకు సిగ్గని ఎవులు సెప్పార్రా నీకు? నీ ముడ్డి కడిగినదాన్ని, నీ కాడ నాకేటి సిగ్గు? నాను బరువని సెప్పు, ఒప్పుకుంతాను."

డేవిడ్‌రాజ్ భార్య వంక చూశాడు, ఎప్పట్లాగే ఆమె సర్దిచెబుతుందని. మెర్లిన్ మంచానికి రెండోపక్కకు వెళ్ళి నిలబడింది.

"మోకాళ్ళు వంచండి, నడుము కాదు," అంది. "పొద్దునా రాత్రీ ఇద్దరం కలిసి ఎత్తుదాం. మధ్యాహ్నం కూడా నేనొక్కదాన్నే ఎత్తను. దుకాణం కాసేపు మూసి మీరూ రండి."