పెద్దమ్మ ఒడి కొలిచిన రోజు

పొద్దున్న అయిదున్నరకి లిఫ్టుల మెకానిక్ బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, మెట్ల మీద కూర్చుని తొడుక్కునేది. ఊళ్ళో సగం లిఫ్టులు ఆవిడ చేతి చలవతోనే నడిచేవి గానీ, వాళ్ళుండే బిల్డింగుకి మాత్రం లిఫ్టు లేదు. మూడంతస్తులు దిగాలి, మూడంతస్తులు ఎక్కాలి. లోపల భర్త, రెండేళ్ళ కూతురు ఇంకా నిద్రలో ఉండేవారు. ఆయన పెద్దాసుపత్రిలో నర్సు. ఆవిడది పొద్దుటి షిఫ్టు, ఆయనది మధ్యాహ్నం షిఫ్టు. పిల్ల కోసమే అడిగి మరీ అలా వేయించుకున్నారు. కూతురికి అసలు పేరు ఒకటున్నా అందరూ మిరియం అనే పిలిచేవారు. ఎంత చిన్నదో అంత ఘాటు.

నర్సు ఒంటిగంటకి బయల్దేరాలి. మెకానిక్ ఇల్లు చేరేసరికి మూడవుతుంది. నడుమ ఆ రెండు గంటలూ మిరియం కింద గదిలో పెద్దమ్మ ఒడిలో ఉండేది.

పెద్దమ్మ వరసకి ఎవరికీ పెద్దమ్మ కాదు. ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు ఉతికి రిటైరైన మనిషి. మెట్ల పక్కన ఒక గది, దానికి ఆనుకుని పక్షి గూడంత వంటిల్లు, అదే ఆవిడ సంసారం. కిటికీ కింద కాళ్ళు మడుచుకుని కూర్చునేది. ఒక్క పిల్ల ఉంటే ఒడి ఒక్క పిల్లకి సరిపోయేంతే ఉండేది. ఇద్దరొస్తే ఇద్దరికి. అయిదుగురొస్తే మంచమంత అయ్యేది. సెలవుల్లో పదకొండు మంది చేరినప్పుడు ఆ ఒడిలోనే ఒక మూల పిల్లలు బంతాడుకుంటుంటే ఇంకో మూల ఇద్దరు నిద్రపోయేవాళ్ళు. బంతి నిద్రపోయేవాళ్ళ దాకా వెళ్ళేది కాదు, అంత దూరం. గది మాత్రం ఎప్పటిలా గదంతే ఉండేది. సాయంత్రం ఒక్కొక్కరూ వచ్చి పిల్లల్ని తీసుకెళ్తుంటే ఒడి దుప్పటి మడిచినట్టు చిన్నదవుతూ వచ్చేది. దీని గురించి బిల్డింగులో ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. కనిపిస్తే, "పెద్దమ్మా, మోకాళ్ళెలా ఉన్నాయి?" అని మాత్రం అడిగేవారు.

ఒకరోజు మెకానిక్ కంపెనీ వాళ్ళు ఆవిణ్ణి పిలిచి పరీక్షల విభాగంలోకి రమ్మన్నారు. కొత్త లిఫ్టు ఏదైనా సరే, ఆ విభాగం సంతకం పడందే అందులోకి మనిషి అడుగు పెట్టకూడదు. పదకొండేళ్ళుగా గ్రీజు చేతులతో లిఫ్టు గోతుల్లోకి దిగిన మనిషికి అది మామూలు మాట కాదు. కాకపోతే పని తొమ్మిది నుంచి ఆరు దాకా.

"తీసుకో" అన్నాడు నర్సు, ఆదివారం కూరగాయలు తరుగుతూ. వాళ్ళిద్దరూ తీరిగ్గా మాట్లాడుకోడానికి ఆదివారమే దిక్కు.

"తీసుకుంటే ఇదెక్కడుంటుంది?"

"నేను రాత్రి డ్యూటీకి మారతాను. పగలు నేను చూసుకుంటా."

"రాత్రంతా మేలుకుని పగలు పిల్లని చూస్తావా? నువ్వు నర్సువా, దెయ్యానివా?"

మర్నాడు ఇద్దరూ చెరో పూట సెలవు పెట్టి, పగలు పిల్లల్ని చూసుకునే ఒక పేరున్న క్రెష్‌కి వెళ్ళొచ్చారు. రంగురంగుల గోడలు, బుల్లి బుల్లి కుర్చీలు, బుల్లి బుల్లి బల్లలు. ఫీజు కాగితం చూసి బయటికొచ్చాక నర్సు, "కుర్చీలొక్కటే చిన్నవి" అన్నాడు. ఒకరి జీతం క్రెష్‌కి, ఇంకొకరి జీతం బతుక్కి. అలా అయితే ఆ ఒకరు ఇంట్లో కూర్చున్నా ఒకటే. కూర్చునే ఆ ఒకరు ఎవరో మెకానిక్‌కి చెప్పక్కర్లేదు. కంపెనీలో ఆవిడతో పాటు చేరిన నలుగురు ఆడవాళ్ళూ అలా కూర్చున్నవాళ్ళే.

పోనీ పెద్దమ్మనే రోజంతా ఉంచుకోమని అడుగుదామని కిందికి దిగింది.

పెద్దమ్మ మాట విని కాసేపు మిరియం జుట్టు సర్దుతూ కూర్చుంది. "లాండ్రీకి మళ్ళీ రమ్మంటున్నారు తల్లీ. వచ్చే నెల నుంచి వెళ్దామనుకుంటున్నా. పెన్షను అద్దెకి పోతే మిగిలేది చిల్లర."

"ఈ వయసులో తడి దుప్పట్లు మోస్తావా?"

"మొయ్యాలని ఎవరికుంటుంది? నాకు వీళ్ళ మధ్యే ఉండాలనుంది. కానీ ఒడి నిండితే కడుపు నిండదు కదా."

ఇన్నాళ్ళూ బిల్డింగులో అందరూ తలా ఒక చెయ్యి వేసేవాళ్ళే. ఒకరు పళ్ళు తెచ్చిచ్చేవారు, ఒకరు మందులు, ఒకరు ఫ్యాను బాగుచేసేవారు. అది మర్యాదే గానీ జీతం కాదని ఆ రోజు మొదటిసారి మెకానిక్‌కి తట్టింది. మెట్లెక్కుతున్నంతసేపూ సిగ్గేసింది.

దారి చూపించింది ఆసుపత్రి నోటీసు బోర్డు. నర్సు ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో పిల్లల సంరక్షణకయ్యే ఖర్చులో ఎక్కువ భాగం ఇకనుంచి ప్రభుత్వమే భరిస్తుంది. ఆ డబ్బు నేరుగా పిల్లల్ని చూసుకునేవాళ్ళకే చేరుతుంది. ఇంట్లో చూసుకునేవాళ్ళయినా ఫరవాలేదు. కాకపోతే పేరు నమోదై ఉండాలి, తనిఖీ కావాలి.

"అంటే నాకు జీతమిస్తారా?" అంది పెద్దమ్మ. "పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నందుకు?"

"పని చేసినందుకు" అంది మెకానిక్.

బిల్డింగులోని ఆరిళ్ళ వాళ్ళు, ఎనిమిది మంది పిల్లల పేర్లు రాసి సంతకాలు పెట్టారు. దరఖాస్తు మెకానిక్ తన చేత్తోనే నింపింది. పిల్లల్ని ఉంచే స్థలం ఏదని అడిగిన చోట "గది, ఒడి" అని రాసింది.

తనిఖీ అధికారిణి గురువారం పదకొండింటికి వచ్చింది. ఒక భుజాన బ్యాగు, ఇంకో భుజాన అయిదు నెలల పిల్లాడు. వాడి ఏడుపు ఆవిడ కంటే ముందే గుమ్మంలోకి వచ్చింది.

"ఏమనుకోకండి. వీణ్ణి చూసుకునే అమ్మాయికి జ్వరం. ఈ ఒక్క రోజుకే" అంది. ఆ మాట ఆవిడ చాలా రోజులుగా చాలామందికి చెబుతున్నట్టుంది, గొంతులో అరిగిపోయి ఉంది.

పెద్దమ్మ చేతులు చాచింది. మిరియం కొత్తవాణ్ణి ఎగాదిగా చూసి, కొంచెం పక్కకి జరిగింది. ఒడి కూడా కొంచెం జరిగింది. పిల్లాడు ఏడుపు మింగేసి మిరియం ముక్కు పట్టుకున్నాడు.

అధికారిణి టేపు తీసి ఈ గోడ నుంచి ఆ గోడకి పట్టింది. వంటింట్లో గ్యాసు చూసింది, కిటికీ గడియ చూసింది, మందుల డబ్బా ఎంత ఎత్తులో ఉందో చూసింది. అన్నిటికీ టిక్కులు పెట్టింది. చివర్లో పెన్ను ఆగింది.

"అంతా బాగుంది. గది నూట ఇరవై చదరపు అడుగులు. పిల్లకి ముప్ఫై అయిదు ఉండాలి. ముగ్గురికి అనుమతిస్తాను."

"ఎనిమిది మందికి పెట్టుకున్నాం" అంది మెకానిక్. సగం రోజు సెలవు పెట్టి నిలబడి ఉంది.

"చూశానమ్మా."

"మరి ఒడి ఉంది కదా."

"ఉంది, కనబడుతూనే ఉంది. కానీ మేం కొలిచేది నేల. ఏడేళ్ళుగా నేలే కొలుస్తున్నాను. రూలులో లేనిది నేను కల్పించలేను."

పెద్దమ్మ తల దించుకునే మాట్లాడింది. "ముగ్గుర్ని ఉంచుకుని అయిదుగుర్ని పంపెయ్యమంటే నా వల్ల కాదు. ఎవర్నని ఏరను? వద్దులెండి. నేను లాండ్రీకే పోతాను."

అధికారిణి టేపు చుడుతోంది. కష్టంగానే ఉన్నట్టుంది, మెల్లగా చుడుతోంది.

"మేడమ్, ఒక్క మాట" అంది మెకానిక్. "లిఫ్టులో ఎనిమిది మంది అని రేకు మీద రాసుంటుంది, చూశారా? ఆ అంకె ఎలా వేస్తామో తెలుసా? టేపొక్కటే పట్టుకుని రాసెయ్యం. ఇనప దిమ్మలు పేర్చి, పైకీ కిందికీ నడిపి, ఆపి చూశాకే రాస్తాం. మోసేదాన్ని మోయించి చూడాలి గదా."

"మీరన్నది నాకర్థమవుతోంది. కానీ నాకు రూలు కావాలి."

"అయితే ఆ రూలేదో ఒకసారి పైకి చదవండి."

అధికారిణి బ్యాగులోంచి పుస్తకం తీసింది. పేజీ తనకి కంఠతా వచ్చినదే అయినా వేలు పెట్టి చదివింది. "ప్రతి బిడ్డకూ కూర్చోవడానికి, ఆడుకోవడానికి, పడుకోవడానికి వీలైన చోటు ముప్ఫై అయిదు చదరపు అడుగులకు తగ్గరాదు." ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మూడోసారి చదివింది.

"చోటు అని ఉంది" అంది చివరికి. "నేల అని లేదు."

"లేదు కదా."

"ఏడేళ్ళుగా నేల అనే చదువుతున్నాను." చుట్టిన టేపు మళ్ళీ లాగింది. "పిలవండి పిల్లల్ని. ఒక్కొక్కరినే."

రెండో అంతస్తు నుంచి బస్సు కండక్టరు కవలలు దిగారు. టైలరు కొడుకు వచ్చాడు. పిండిమర ఆవిడ మనవరాలు బొమ్మతో సహా వచ్చింది, బొమ్మని లెక్కలో వెయ్యమంది. ఒక్కొక్కరు ఎక్కినప్పుడల్లా అధికారిణి మోకాళ్ళ మీద వంగి కొలిచి అంకె రాసుకుంది. నలుగురయ్యేసరికి టేపు చాల్లేదు. మెకానిక్ ఒక కొసన బొటనవేలు పెట్టి పట్టుకుంటే, అధికారిణి రెండో కొస తీసుకుని చాలా దూరం నడిచి వెళ్ళాల్సొచ్చింది.

"పెద్దమ్మా, కదలకు" అని అరిచింది మెకానిక్.

"కదలట్లేదే. కవలలకి చక్కిలిగింతలవుతున్నాయి, అంతే."

ఎనిమిది మందీ ఎక్కారు, అధికారిణి కొడుకుతో తొమ్మిది. ఒక్కొక్కరికి ముప్ఫై అయిదు కాదు, నలభై తేలింది. ఆ అంకెలు కూడడానికి అధికారిణి అక్కడే, ఒడి అంచున కూర్చుంది. రెండు అంకెలు కూడింది. మూడోది రాస్తుండగా పెన్ను పక్కకి వాలింది. ఒడి ఆవిడ నడుము కింద నుంచి, వీపు కింద నుంచి మెల్లగా పరుచుకుని తల దాకా వచ్చింది. అయిదు నెలలుగా రెండు గంటలు వరసగా పడుకోని మనిషి, రాయిలా నిద్రపోయింది.

ఎవరూ లేపలేదు. ఆవిడ ఫోను మోగితే మెకానిక్ తీసి నొక్కేసి, దిండు కింద పెట్టింది. మిరియం వేలు పెదాల మీద పెట్టుకుని అందరి వైపూ చూసింది. ఆ పిల్ల అంతసేపు నోరు మూసుకోవడం పుట్టాక అదే మొదటిసారి.

గంటంపావు తర్వాత అధికారిణి లేచింది. చెంప మీద పెన్ను గీత. పిల్లాడి కోసం గాభరాగా చూసింది. వాడు కవలల మధ్య పడుకుని కాళ్ళాడిస్తున్నాడు.

"నేను పడుకున్నానా?"

"లెక్కలు చూసుకుంటున్నారు" అంది పెద్దమ్మ.

ఆవిడ నవ్వాపుకుంటూ జుట్టు సర్దుకుని, ఫారం ముందుకు లాక్కుంది. గరిష్ఠ సంఖ్య అన్నచోట పన్నెండు అని రాసింది.

"ఎనిమిదే అడిగాం" అంది మెకానిక్.

"లిఫ్టు మీద రాసినదానికంటే కాస్త ఎక్కువే మోస్తుంది కదా?"

"మోస్తుంది. అందుకే తక్కువేసి రాస్తాం."

"నేనూ తక్కువేసే రాశాను."

మూడు వారాలకి పత్రం వచ్చింది. పెద్దమ్మ లాండ్రీకి ఫోన్ చేసి, నాకు ఉద్యోగం దొరికింది, రాలేనని చెప్పింది. మొదటి నెల డబ్బు పడ్డాక మోకాళ్ళకి మంచి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు ఏం పని చేస్తారని అడిగితే, ముప్ఫై ఏళ్ళు లాండ్రీ అని చెప్పబోయి ఆగి, "పిల్లల్ని చూస్తాను" అని చెప్పిందట. వచ్చిన వాళ్ళందరికీ ఆ ముక్క రెండేసిసార్లు చెప్పింది.

మెకానిక్ పరీక్షల విభాగంలో చేరింది. నర్సు పగటి డ్యూటీకి మారాడు. మొదటి రోజు సాయంత్రం ముగ్గురూ బల్ల దగ్గర కూర్చుంటే, మిరియం అమ్మ మొహమూ నాన్న మొహమూ మార్చి మార్చి చూసి, "ఇవాళ ఆదివారమా?" అని అడిగింది. సోమవారం అని చెప్తే నమ్మలేదు. నర్సుకి నవ్వొచ్చింది, తర్వాత కళ్ళలో నీళ్ళొచ్చాయి, తర్వాత మళ్ళీ నవ్వొచ్చింది.

ఆ మర్నాడు పొద్దున్న మెకానిక్ పిల్లని దించుతుంటే, తనిఖీ అధికారిణి కొడుకునెత్తుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. అందరిలాగే దరఖాస్తు పెట్టుకుందట. తన కాగితం తనే చూడకూడదు కాబట్టి వేరే అధికారి చేత సంతకం పెట్టించుకుని వచ్చింది. పిల్లాణ్ణి పెద్దమ్మకి ఇచ్చాక, ఇద్దరూ కలిసే బస్టాపుకి నడిచారు.

"ఆ గురువారం మీదే నా ఆఖరి తనిఖీ అనుకున్నాను" అంది అధికారిణి. "రాజీనామా టైపు చేసి బ్యాగులో పెట్టుకునే వచ్చాను. అటు నుంచి అటే వెళ్ళి ఇచ్చేద్దామని."

మెకానిక్ నడుస్తున్నదల్లా ఆగింది. "మరి?"

"నిద్ర లేచాక ఎంత వెతికినా, ఎందుకివ్వాలో గుర్తు రాలేదు."

బస్సొచ్చింది. ఆ రోజు ఆవిడ నాలుగు ఇళ్ళు చూడాలి. మొదటి ఇల్లు ఊరి చివర, ఒక ముసలాయనది. మనవణ్ణీ, పక్కింటి ఇద్దరినీ చూసుకుంటానని పెట్టుకున్నాడు. గది చూస్తే అగ్గిపెట్టె. గుమ్మంలోనే చేతులు నలుపుకుంటూ, "చోటు చాలదేమో మేడమ్" అన్నాడు.

అధికారిణి టేపు బయటికి తియ్యలేదు.

"ముందు మీరు కూర్చోండి తాతగారూ" అంది. "పిల్లల్ని రానివ్వండి."