ముప్పై రెండు కాలేజీల్లో పాసైన ఇంజన్

చక్రపాణి గారికి అన్నీ తెలుసు, లోకం తప్ప. బేగంపేటలో ఒక విమాన డిజైన్ సంస్థలో ఇంజనీరు. పదకొండేళ్లుగా, ఆదివారాలతో సహా, ఒకే ఇంజన్ మీద కూర్చున్నారు. లారీల్ని కడుపులో పెట్టుకుని ఎగిరే భారీ రవాణా విమానానికి అది. ముందు పెద్ద ఫ్యాను, దాన్ని నెమ్మదిగా తిప్పడానికి వెనక గేర్లు. ఫ్యాను లాగే గాలిలో పన్నెండో వంతే లోపలికి మంటకు పోతుంది, మిగతాది పక్కనుంచి పోతూ విమానాన్ని నెడుతుంది.

"నా మాటలూ అంతేగా! పన్నెండింట్లో ఒక్కటి మీ చెవిలోకి పోతుంది," అనేది భార్య అరుణాదేవి.

డిజైన్లు పరిశీలించే సంస్థ కమిటీ ఊఁ అంటే నమూనా చేసి నడిపి చూస్తారు. కాదంటే, వచ్చే ఏడాది ఆగస్టులో ఆయన రిటైరవుతారు, ఇంజన్ బీరువాలోకి పోతుంది. అంతే సంగతులు.

ఇక్కడే మహానుభావుడు ఒక ఘనకార్యం చేశారు. ఆఫీసులో బొమ్మలు గీయించాలంటే మూడు నెలల వరుస. అమీర్‌పేటలో నాలుగు రోజులు! ఇంజనీరింగ్ పిల్లలకు ఫైనలియర్ ప్రాజెక్టులు తయారుచేసి అమ్మే హనుమాండ్లు సెంటర్‌లో తన నోటుపుస్తకం ఇచ్చి, బొమ్మలు గీయించి, చక్కగా టైపు చేయించుకుని వచ్చారు. పాపం, మురిసిపోయారు కూడా.

రెండు వాయిదాలు పడి, ఏడాది తర్వాత కమిటీ కూర్చుంది. ఇంజన్ గురించి ఒక్క ప్రశ్న లేదు. కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం తొంభై ఆరు శాతం నకలని తేల్చింది. ఎక్కడెక్కడి కాలేజీలవాళ్లో నెట్‌లో పెట్టిన పిల్లల రిపోర్టులన్నీ ఆ ఇంజనే.

"ఏ సెంటర్‌లో కొన్నారండీ?" అని అధ్యక్షుడు మర్యాదగానే అడిగాడు. చక్రపాణి ఫైలు చంకన పెట్టుకుని బయటికి వచ్చేశారు. తన బిడ్డను ఎవరి బిడ్డో అంటే ఏడుపు రాదూ?

పంజాగుట్ట ట్రాఫిక్‌లో గంటసేపు ఉడికిపోయి, హనుమాండ్లు మీద విరుచుకుపడ్డారు.

"గుస్సా గాకు సార్, జర కూసో," అన్నాడు హనుమాండ్లు, తప్పు చేసిన ఛాయ ఇసుమంతైనా లేకుండా. "మీ ఇంజన్ మస్తు పోతుంది. ముప్పై రెండు కాలేజీలల్ల పాసయింది! ఒక్క పిల్లనే ఫెయిలయింది. సెరీనా అని."

"ఎందుకు?"

"రిపోర్టు చదివింది సార్! ఊకుంటే గామె సుత పాసవుతుండె. తప్పున్నదని ఎగ్జామినర్ తోని కొట్లాడింది. గిదో, రిపోర్టు నా మొఖాన కొట్టి పోయింది."

నలభై ఏడో పేజీలో పెన్సిల్ రాత: "ఎండాకాలం, నిండు బరువుతో లేచేటప్పుడు గేర్ల నూనె కాగిపోతుంది. ఈ కూలర్ చాలదు." కింద లెక్క.

చక్రపాణి జేబులోంచి పెన్ను తీసి లెక్క వేశారు. కొట్టేసి మళ్లీ వేశారు. పిల్ల చెప్పిందే నిజం. పదకొండేళ్లలో తనకు కనబడలేదు, ఏడుగురు పెద్దమనుషుల కమిటీకి కనబడలేదు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. అయినా లోపల ఏదో చల్లబడింది. తన ఇంజన్‌ని ఒక్కరైనా చదివారు.

"ఆ అమ్మాయి నంబరు ఇవ్వవయ్యా."

"వద్దు సార్, మళ్ల కొట్లాటకొస్తది."

"రానీ," అన్నారు చక్రపాణి, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నాతోనే కదా కొట్లాడాలి."