సోమవారం సీసాలు

రెండువేల మూడులో కూడా ఏలూరు పక్కనున్న ఆ చిన్న మిషన్ ఆసుపత్రి తన సెలైను తానే తయారుచేసుకునేది. సీసాలు కడిగేది సువార్తమ్మ. ఆ మంగళవారం పొద్దున్న, ఆమె కూతురు షారోన్‌కి నర్సు సలోమి సీసా తగిలించబోతుంటే, సువార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది వద్దమ్మా. డాక్టరుగారిని పిలువు."

కాన్పులో నెత్తురు చాలా పోయి షారోన్ పెదవులు పాలిపోయాయి. సెలైను ఎక్కించక తప్పదు. కానీ నిరుడు ఇదే వార్డులో, సెలైను ఎక్కుతుండగానే, సువార్తమ్మ భర్త ఎలీయాజరు నాలుగు దుప్పట్ల కింద గజగజ వణికి వెళ్ళిపోయాడు. జబ్బే తీసుకుపోయిందన్నారు. అప్పటి నుంచి ఆమె నర్సింగు పిల్లలు వదిలేసిన పుస్తకాలు కూడబలుక్కుని చదువుతూనే ఉంది.

డాక్టర్ హిదాయతుల్లా వచ్చాడు. ఆ సీసా నీళ్లలో చచ్చిన సూక్ష్మజీవులే వణుకు తెప్పిస్తాయని సువార్తమ్మ చెప్పింది.

"ఆ నీళ్లు పరీక్ష చేయించామండీ. బతికున్న సూక్ష్మజీవి ఒక్కటీ లేదు. చచ్చినవి దెయ్యాలై పడతాయంటారా?"

"దెయ్యాలు కాదండి, పెంకులు. ఉడికిస్తే అవి చస్తాయి గానీ, వాటి గోడల ముక్కలు నీళ్లలోనే ఉంటాయి. మా కొల్లేటికోటలో గుమ్మం ముందు చేప పొలుసు కనబడితే చాలు, పిల్లి ఇల్లంతా లేపుద్ది. చేప బతికుందా అని చూడదండి. మన కణాలూ అంతే. ముక్క తగిలితే చాలు, శత్రువొచ్చాడని జ్వరం రప్పిస్తాయి."

"ఈవిడ డాక్టరైతే, సీసాలు మేం కడుక్కోవాలి కాబోలు ఇక," అంది సలోమి.

"మరి రోజూ రాదేంటండీ వణుకు?" అన్నాడు డాక్టరు.

సువార్తమ్మ, ఎవరికి ఏ రోజు సీసా ఎక్కించారో రాసే వార్డు పుస్తకాన్ని గట్టిగా ముందుకు తోసింది.

"చూడండి. వణుకొచ్చినవన్నీ సోమవారం నింపిన సీసాలే. శనివారం ఆవిరి పట్టి దింపిన నీళ్లు, ఆదివారం మేమంతా చర్చిలో ఉంటే, డబ్బాలో నిలవుంటున్నాయి. అందులో అవి పెరుగుతాయి. సోమవారం ఉడికించి చంపుతాం. ముక్కల్ని చంపలేం కదండీ."

డాక్టరు పేజీలు తిప్పాడు. ఎలీయాజరు పేరు దగ్గర అతని వేలు ఆగింది. సోమవారం సీసాయే.

"చూశానండి," అందామె. "అందుకే పిలిచాను."

"శుక్రవారంవి ఏమైనా మిగిలాయా?"

"రెండు దాచానండి."

ఆ రెండూ ఎక్కేదాకా ఆమె కూతురి పాదం మీద చెయ్యి తీయలేదు. వణుకు రాలేదు. పాదం మెల్లగా వెచ్చబడింది.

తల్లి లేవబోతుంటే షారోన్ కొంగు పట్టుకుంది. "వెళ్ళిపోకమ్మా."

"ఎక్కడికీ పోనే. ఇంకా ముప్పై సోమవారం సీసాలున్నాయి. పారబోసొస్తాను."