అత్తయ్య కంటికి వంద ఫోటాన్లు

మా మేనత్త ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసింది. పిల్లలు కాళ్లావేళ్లా పడ్డా అర మార్కు ఊరికే వేసిన మనిషి కాదు. అందుకే నా పరిశోధనకు ఆమె కన్ను దొరికిందని తెగ సంబరపడ్డాను.

షుగర్ వల్ల ఆ కంటి వెనక పొర దెబ్బతింది. మర్నాడు పొద్దున లేజర్ చికిత్స. పొర అంచుల్లో లేజర్‌తో చిన్న చిన్న మచ్చలు పెడతామనీ, నడిమి చూపు నిలబడుతుందనీ, చీకట్లో చూపు మాత్రం కొంత తగ్గవచ్చనీ డాక్టరు చెప్పారు. ఆ కొంత అంటే ఎంత? నేను తేల్చాలనుకున్నది అదే. లేజర్‌కు ముందు ఒకసారి, నెల తరవాత ఒకసారి కొలవాలి. ముందు కొలవడానికి ఆ ఒక్క మధ్యాహ్నమే మిగిలింది.

భోజనమయ్యాక ల్యాబ్‌లోని చీకటి గదిలో కూర్చోబెట్టాను. కన్ను చీకటికి అలవాటు పడటానికే నలభై నిమిషాలు. ఆ తరవాత బీప్ మోగినప్పుడల్లా కంటి అంచుకు ఓ వంద ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, పంపుతాను. సగం సార్లు బీప్ మోగుతుంది గానీ ఏమీ పంపను. ఆ సంగతీ ముందే చెప్పాను. చేతిలో రెండు మీటలు: కుడిది 'కనపడింది', ఎడమది 'లేదు'.

రెండు వందల బీప్‌లు. రెండు వందల సార్లూ కుడి మీటే నొక్కింది.

నాకు ఒళ్లు మండింది. "అత్తయ్యా, సగం సార్లు అక్కడ ఏమీ లేదు."

"తెలుసు. చెప్పావుగా."

"మరి?"

"కనపడలేదంటే నీ డిగ్రీ ఆగిపోతుందేమో అనుకున్నానే. నాలుగేళ్ల నుంచి దీన్నే పట్టుకుని వేలాడుతున్నావు. మీ నాన్నేమో కంగారు పడుతున్నాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నీ క్లాసులో ఎవరైనా అన్నింటికీ ఒకటే జవాబు రాస్తే ఏం చేసేదానివి?"

"సున్నా వేసేదాన్ని," అంది. "తలుపు వెయ్యి. మళ్లీ మొదలుపెడదాం."

మళ్లీ నలభై నిమిషాల చీకటి. ఈసారి ఆచితూచి నొక్కింది. మధ్యలో ఒకసారి ఆగి, "ఇది చూశానో, చూశాననుకున్నానో తెలియట్లేదే. ఇంత చిన్న వెలుగుంటుందా అసలు?" అని అడిగింది. ఏదో ఒకటి నొక్కమన్నాను. బయటికొచ్చాక ఫలితం చూపించేదాకా వదల్లేదు. నిజంగా కాంతి పంపిన వంద సార్లలో డెబ్బై రెండు సార్లు పట్టుకుంది. ఖాళీ బీప్‌లకు పదకొండు సార్లే మోసపోయింది. "ఫస్టు క్లాసు," అని తనకు తనే మార్కులు వేసుకుంది.

నెల తరవాత వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. లేజర్ బాగానే పనిచేసింది. పేపరు హాయిగా చదువుకుంటోంది. నేను పక్క గదిలో తెర మీద జవాబులు చూస్తున్నాను. బీప్. కాంతి వెళ్లింది. 'లేదు'. బీప్. వెళ్లింది. 'లేదు'. మళ్లీ వెళ్లింది. మళ్లీ 'లేదు'. నా పరిశోధనకు కావలసిన జవాబు కళ్లముందే వరసగా పడుతోంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఒక్కసారి కుడి మీట నొక్కు అత్తయ్యా, అబద్ధమైనా ఫర్వాలేదు అని లోపల్లోపలే బతిమాలుకుంటూ కూర్చున్నాను.