బాయిలరు వెనక రేకు

మా ఆయన వెండెల్‌తో ముప్పై నాలుగేళ్లుగా కాపురం చేస్తున్నాను. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. కావాలంటే ఆయన్నే అడగండి. పెళ్లయిన కొత్తలో సుపీరియర్ సరస్సు చూపిస్తానని కారెక్కించి, ఉత్తరానికి తిరగాల్సిన చోట దక్షిణానికి తిప్పి, రెండు గంటలు నడిపి మొక్కజొన్న చేల మధ్య ఆపాడు. మ్యాపు నా ఒళ్లోనే ఉంది. "ఈ వైపు ఎప్పుడూ రాలేదు కదా, చూపిద్దామని," అన్నాడు. గ్యారేజీ తనే కట్టి, కారు పట్టకపోతే, ఈమధ్య కార్లు మరీ పొడుగ్గా చేస్తున్నారని కంపెనీకి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంలో అక్షరదోషాలు నేనే దిద్దాను.

అలాంటి మనిషి స్కూలు బోర్డుకు పోటీ చేస్తానంటే నేను అడ్డు చెప్పలేదు. నెలకొక సోమవారం సాయంత్రమైనా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని నా స్వార్థం.

మా ఊరు టామరాక్ బెండ్‌లో ఉన్నది ఒక్కటే స్కూలు. ఎర్ర ఇటుకల పాత భవనం. కింద నేలమాళిగలో స్కూలంతటినీ వెచ్చబెట్టే ఒక బాయిలరు ఉండేది, మా అత్తగారి వయసుది, ఆవిడలాగే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా గొణుగుతూనే ఉండేది. దాన్ని మార్చాలని పట్టుబట్టింది బెవర్లీ క్రౌస్. పళ్ల డాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది, తొమ్మిదేళ్లుగా బోర్డు సభ్యురాలు, వెండెల్ పోటీ చేసింది ఆవిడ సీటుకే. బయటి నుంచి ఒక ఇంజనీరును పిలిపించింది. వెనక భాగంలో ఇనుము పగిలి ఉండవచ్చు, దాన్ని మూసిన రేకు విప్పి చూడాలి, ఎలాగూ పాతదైపోయింది కాబట్టి మార్చడం మేలు అని అతను రాసిచ్చాడు. మార్చాలంటే పన్ను పెరుగుతుంది. పన్ను పెంచితే జనం ఒప్పుకోరు, ఒప్పుకోకపోతే స్కూలు మూసేసి పిల్లల్ని బస్సుల్లో ఇరవై ఏడు మైళ్లు తోలుతారు. ఊరంతా ఇదే భయం.

వెండెల్ ముప్పై ఏళ్లు ఇళ్లు వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేసినవాడు. గడ్డకట్టే చలిలో, క్రిస్మస్ రోజున కూడా, పిలిచిన ఇంటికల్లా వెళ్లినవాడు. "ఆ బాయిలరు సంగతి నాకు తెలుసు," అన్నాడు. అంతే, ఊరు ఊపిరి పీల్చుకుంది.

ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకుని, దాన్ని ముప్పై నాలుగేళ్లు కిరాణా జాబితాలకు వాడినదాన్ని. చేతులూరుకోలేదు. ప్రచారానికి నినాదం నేనే రాశాను: "ఇంకో పదేళ్లు ఢోకా లేదు." బాయిలరుకా, వెండెల్‌కా, ఊరికా అన్నది చదివేవాళ్ల ఇష్టానికి వదిలేశాను. చాలా గర్వపడ్డాను.

కరపత్రానికి ఫోటో కావాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ముగ్గురం నేలమాళిగలోకి దిగాం. ఆయన, కెమెరాతో నేను, తాళాలు తీయడానికి లియన్ జెలిన్‌స్కీ. స్కూల్లో ఊడ్చేదీ తుడిచేదీ వెలిగించేదీ అన్నీ లియనే. వెండెల్‌కు మంచు మీద చేపలు పట్టే జత కూడా. ఇద్దరూ గడ్డకట్టిన సరస్సు మీద చిన్న గుడిసెలో గంటల తరబడి ఒక్క మాటా లేకుండా కూర్చుని, ఇంటికొచ్చి "బాగా కబుర్లు చెప్పుకున్నాం" అనేవాళ్లు.

వెండెల్ బాయిలరు మీద వేలి కణుపులతో టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"గంటలా మోగుతోంది. పగిలిన ఇనుము ఇట్లా మోగదు."

లియన్ ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డాడు. "వెనక రేకు విప్పమంటావా? పన్నెండు మరలు. పావుగంట పని."

"ఎందుకూ, దండగ."

"విప్పితే చూసినట్టుంటుంది కదా. నాకు ఈమధ్య పొద్దున్నే తలనొప్పిగా ఉంటోంది ఇక్కడ."

"రాత్రి బ్రాందీ తగ్గించు, తలనొప్పి అదే తగ్గుతుంది," అన్నాడు మా ఆయన. లియన్ నవ్వాడు. నేనూ నవ్వాను. "ఇటు చూడండి," అని ఫోటో తీశాను.

ఇంటికొచ్చాక ఫోటో కత్తిరించాను. ఫోటోలో ఉన్నవాళ్లలో పోటీ చేసేది వెండెల్ ఒక్కడే కదా. అంచున లియన్ చెయ్యి ఒక్కటి మిగిలింది, స్క్రూడ్రైవర్‌తో సహా. బావుందిలే, పనివాళ్ల పక్షం అన్నట్టుంది అనుకున్నాను.

మార్చిలో నేల గడ్డకట్టి రాయిలా ఉంటుంది, ప్రచారం బోర్డులు దిగవు. మంచులో చేపల కోసం కన్నాలు వేసే బర్మా పట్టుకుని, వెండెల్, లియన్ ఇంటింటి ముందూ నేలకు కన్నాలు పెట్టి నా నినాదం పాతారు. ఒక కన్నం మా పాస్టరుగారి నీటి గొట్టానికి తగిలింది. గొట్టం తప్పు చోట వేశారని మా ఆయన తేల్చాడు.

లూథరన్ చర్చి కింది హాల్లో అభ్యర్థులిద్దరినీ కూర్చోబెట్టారు. బెవర్లీ ఇంజనీరు నివేదిక పదకొండు పేజీలూ చదివింది. ఆరో పేజీకి వచ్చేసరికి జనం కాఫీకి లేచారు.

"ఆ ఇంజనీరు బాయిలరును ఎంతసేపు చూశాడు బెవర్లీ?" అని అడిగాడు వెండెల్.

"నలభై నిమిషాలు."

"నేను ముప్పై ఏళ్లు చూశాను."

హాలు నవ్వుల్లో మునిగింది. ఎవరో బల్ల మీద చరిచారు. బెవర్లీ నవ్వు తగ్గేదాకా ఆగి, "చూడటం వేరు వెండెల్, విప్పి చూడటం వేరు. నువ్వు విప్పావా?" అంది.

"నాకు విప్పాల్సిన పనిలేదు."

దానికి ఇంకా పెద్దగా నవ్వారు. వెనక వరసలో లియన్ మాత్రం ఒళ్లో టోపీ వైపు చూసుకుంటున్నాడు. ఆ సంగతి నాకప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిందిగా అనిపించలేదు.

ఏప్రిల్‌లో మా ఆయన పదకొండు ఓట్లతో గెలిచాడు. నేను నా నినాదానికే ఓటేశాను. జూన్‌లో బాయిలరు మార్చడం ఓటుకు వచ్చింది. మార్చాలని ముగ్గురు, వాయిదా వేయాలని నలుగురు. నాలుగో చెయ్యి వెండెల్‌ది.

జనవరిలో ఒక సోమవారం, సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువన, పిల్లలు వచ్చేలోగా తరగతులు వెచ్చబెట్టాలని లియన్ అందరికంటే ముందు వెళ్లాడు. ఏడింటికి క్యాంటీను ఆవిడ వంటగది తలుపు తీసి, తల తిరుగుతుంటే నేలమాళిగ మెట్ల దగ్గరికి వెళ్లి లియన్‌ను పిలిచింది. పలకలేదు. బాయిలరులోంచి విషవాయువు. నేలమాళిగలో కుర్చీలో కూర్చునే ఉన్నాడట, ఒళ్లో ఫ్లాస్కు. బస్సుల్ని దారిలోనే వెనక్కి తిప్పారు. ఇంకో నలభై నిమిషాలైతే తొంభై మంది పిల్లలు పై గదుల్లో ఉండేవాళ్లు.

శవపేటిక మోసిన ఆరుగురిలో వెండెల్ ఒకడు. సమాధుల దగ్గర నేల తవ్వడానికి లేదు, వసంతం దాకా పేటికను షెడ్డులో ఉంచారు. హాల్లో హామ్ శాండ్‌విచ్‌లు పెట్టాం. లియన్ భార్య డోలొరెస్ అందరికీ తనే కాఫీ పోసింది, వద్దన్నా వినలేదు.

బీమా కంపెనీ ఒక లాయరును పంపింది. బోర్డులో ఎవ్వరూ ఎవ్వరితోనూ ఈ విషయం మాట్లాడొద్దని ఆయన చెప్పాడు. తర్వాత ఆ కంపెనీ ఉత్తరం వచ్చింది. వెనక భాగంలో పగులు ఉన్నమాట నిజమే, కానీ రోజూ బాయిలరు చూసుకునే ఉద్యోగి రేకు విప్పి తనిఖీ చేయలేదు, ఎవరికీ చెప్పనూ లేదు అని. అంటే తప్పు చచ్చిపోయినవాడిది. మాట్లాడలేడు కాబట్టి అందరికీ వీలుగా ఉంది.

ఊరు కూడా అందుకుంది. శుక్రవారం చేపల విందులో మా పక్క బల్లమీద ఒకడు, "లియన్‌కు ఆదివారం రాత్రుళ్లు కాస్త ఎక్కువయ్యేది లెండి. పాపం, మంచివాడే, బద్ధకం," అన్నాడు. మా ఆయన బంగాళదుంపల మీద ఉప్పు చల్లుకున్నాడు. మళ్లీ చల్లుకున్నాడు. మూడోసారి ఉప్పు సీసా నేనే లాక్కున్నాను.

డోలొరెస్ ఫిబ్రవరి మీటింగుకు వచ్చింది. మా దగ్గర ఎవరైనా బోర్డు ముందు మాట్లాడాలంటే ముందు కాగితం మీద పేరు రాయాలి, మైకు దగ్గర పేరూ చిరునామా చెప్పాలి, మూడు నిమిషాలు మాట్లాడాలి. బోర్డు జవాబు చెప్పకూడదు. అది నియమం. మూడు నిమిషాలు కొలవడానికి ఛైర్మన్ గేలెన్ ప్రూట్ దగ్గర కోడిపెట్ట ఆకారంలో వంటింటి టైమరు ఒకటి ఉంది.

"డోలొరెస్ జెలిన్‌స్కీ. నూట పధ్నాలుగు, మిల్ వీధి," అంది. ఊళ్లో ఆవిడ తెలియనివాళ్లెవరూ లేరు. "నాది ఒక్కటే ప్రశ్న. లియన్ మా ఇంట్లో బల్బు మార్చినా స్విచ్చి రెండుసార్లు చూసే మనిషి. ఆయన ఆ రేకు ఎందుకు విప్పలేదు?"

అని మాట్లాడటం ఆపేసింది. అక్కడే నిలబడింది. ఏడుగురూ తమ కాగితాలు చూసుకున్నారు. మిగిలిన రెండున్నర నిమిషాలూ నిలబడే ఉంది. కోడి కూసింది. "థాంక్యూ, జెలిన్‌స్కీ గారూ," అన్నాడు గేలెన్. వెళ్లిపోయింది.

మార్చిలో మళ్లీ వచ్చింది. అదే పేరు, అదే చిరునామా, అదే ప్రశ్న, అదే కోడి.

ఆ ప్రశ్నకు జవాబు భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకరు బల్ల వెనక కూర్చున్నారు, ఒకరు మూడో వరసలో స్వెట్టరు అల్లుకుంటున్నారు. ఆ స్వెట్టరు ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నాను, "ఆవిడకు చెప్పాలి."

"లాయరు వద్దన్నాడు."

"లాయరు నేలమాళిగలో లేడు. మనం ఉన్నాం."

"చెబితే స్కూలు పోతుంది లోయిస్. తప్పు బోర్డుదైతే బీమా ఇవ్వరు. ఆ పిల్లలంతా బస్సులెక్కాలి. దానికోసం కాదూ నేను నిలబడింది?"

ఆ మాటలో కొంత నిజం ఉంది, అందుకే దాని వెనక దాక్కోవడం తేలిక. నేనూ అక్కడే దాక్కున్నాను. ఆ రోజు నేలమాళిగలో నవ్విన ఇద్దరిలో నేనొకదాన్ని.

మర్నాడు పొద్దున పెట్టెలోంచి కత్తిరించని ఫోటో తీసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. వెండెల్ పాలకోసం వచ్చి చూశాడు. లియన్ మొత్తంగా ఉన్నాడు అందులో, టార్చి, స్క్రూడ్రైవర్, నవ్వు. వెండెల్ పాలు తీసుకోకుండానే వెళ్లి నల్ల కాఫీ తాగాడు. మర్నాడూ అంతే. ఫోటో తీసేయమని అనలేదు, తనూ తీయలేదు. నెలంతా మా ఇంట్లో పాలు విరిగిపోతూనే ఉన్నాయి.

ఏప్రిల్‌లో నేల మెత్తబడింది, లియన్‌ను పూడ్చారు. రెండు రోజుల తర్వాత మీటింగు. డోలొరెస్ వచ్చింది. మైకు దగ్గరికి వెళ్లబోతుంటే గేలెన్ కాగితం చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"జెలిన్‌స్కీ గారికంటే ముందు ఇంకో పేరుంది... వెండెల్, ఇదేంటి, నువ్వు రాశావా?"

"నేనే."

"నువ్వు బోర్డువి కదయ్యా. ఇక్కణ్నుంచే మాట్లాడు."

"ఇక్కణ్నుంచి మాట్లాడితే జవాబు చెప్పకూడదుగా."

లేచాడు. బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు. బీమా లాయరు సగం లేచి, "టోరెన్ గారూ, నేను గట్టిగా చెబుతున్నాను, దయచేసి..." అన్నాడు.

"మీరూ పేరు రాయండి బాబూ. మీకూ మూడు నిమిషాలు వస్తాయి," అన్నాడు మా ఆయన.

గేలెన్ కోడిని తిప్పాడు. వెండెల్ మైకును రెండు చేతులా పట్టుకున్నాడు, వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు.

"వెండెల్ టోరెన్. తొమ్మిది, చర్చి వీధి." బోర్డు వైపు తిరగలేదు, డోలొరెస్ వైపు తిరిగాడు. "లియన్ విప్పుతానన్నాడు. స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది. పన్నెండు మరలు, పావుగంట అన్నాడు. తల నొప్పిగా ఉంటోందని కూడా చెప్పాడు. నేను వద్దన్నాను. ఎగతాళి చేశాను."

డోలొరెస్ వేళ్లు చేతిసంచి పట్టు మీద బిగుసుకున్నాయి. టైమరు టిక్కుటిక్కుమంటోంది. ఇంకా ఎంతో మిగిలి ఉంది.

"వాడు బద్ధకస్తుడు కాదు, డోలొరెస్. వాడిది సరైన మాట. నాదే తప్పు."