నాలుగిళ్ళ పైపు

“మంజూరైపోయిందండీ పిన్నిగారూ! సీసం పైపులన్నీ తీసేసి కొత్తవి వేస్తారంట. డబ్బులు గవర్నమెంటే పెడుతుందంట!”

విల్సన్ ఆటో పూర్తిగా ఆపకుండానే వీధిలోంచి కేక పెట్టాడు. పెరట్లో చీర పిండుతున్న సుష్మిత తడి చేతులతోనే గుమ్మంలోకి పరుగెత్తింది. పెళ్ళై గుడివాడ నుంచి బందరు కాపురానికొచ్చి ఆరు నెలలైంది. కుళాయి నీళ్ళు పావుగంట ఎక్కువొస్తే ఆమెకి పండగ. భర్త నాగవంశీ అరగంట ముందు ఇంటికొస్తే పండగ. మరి ఇదేమన్నా చిన్న సంగతా?

“ఏరా విల్సనూ, నిజమేనా? ఎలక్షన్ల మాటా?” అంది అత్తగారు కనకమహాలక్ష్మి.

“ఆర్డరు కాగితం కళ్ళారా చూశానండీ. ఇదుగో, హల్వా కూడా తెచ్చా. ముందు నోరు తీపి చేసుకోండి.”

“షుగరున్నదానికి హల్వా పెట్టి చంపుతావట్రా?” అంటూనే ఆవిడ రెండు ముక్కలు నోట్లో వేసుకుంది.

ఆ వీధిలో కుళాయి గొట్టాలు తాతలనాటివి. నాలుగిళ్ళకీ కలిపి ఒకటే సీసపు పైపు. దాని మీద మొదటిది కనకమహాలక్ష్మి ఇల్లు, చివరిది విల్సన్ ఇల్లు. గొట్టంలో నిలవున్న నీళ్ళలోకి సీసం దిగుతుందని మొన్నమొన్నటిదాకా ఎవరికీ తెలియదు. విల్సన్ కూతురు స్టెల్లాకి తొమ్మిదేళ్ళు. ఏడాదిగా కడుపునొప్పి, నీరసం, చదివింది చదివినట్టే మరిచిపోవడం. పోయిన నెల బెజవాడలో రక్తపరీక్ష చేయిస్తే సీసం బయటపడింది. ముందు ఆ నీళ్ళు మాన్పించండి, జరిగిన నష్టం ఎంతవరకు పూడుతుందో చెప్పలేం అన్నాడు డాక్టరు. బోరు వేద్దామంటే బందర్లో పడేది ఉప్పునీళ్ళే. తాగడానికి క్యాన్లు కొంటున్నాడు గానీ, ఆడుకొచ్చిన పిల్ల దాహమేసి కుళాయికి నోరు పెడితే ఎంతకని కాపలా కాస్తాడు?

మధ్యాహ్నం వార్డు సచివాలయం ఉద్యోగి అంకమ్మరావు వచ్చాడు. ఫోన్లో జాబితా చూసుకుంటూ, తవ్వాల్సిన చోటల్లా రోడ్డు మీద ఎర్రరంగు గీతలు గీస్తున్నాడు. సుష్మిత మజ్జిగ గ్లాసు పట్టుకుని అరుగు మీద నిలబడింది. అతను ఎదురు వరసకి గీశాడు. పక్క సందుకి గీశాడు. ఈ నాలుగిళ్ళ ముందు నుంచి మాత్రం తలెత్తకుండా సాగిపోయాడు.

“బాబ్బాబు, మమ్మల్ని మరిచిపోయారు!” విల్సన్ నవ్వుతూ అడ్డం వెళ్ళాడు.

“మరిచిపోలేదండీ. ఈ పైపు కొత్తదేనని సర్వేలో ఉంది. మార్చక్కర్లేదు.”

“కొత్తదా? ఎవరు చెప్పారండీ?”

“సర్వే అప్పుడు నేను లేను. పైపుకొక కాగితం, కాగితానికొక సంతకం. ఇదుగో చూడండి,” అంటూ ఫోన్ దగ్గరగా ఉన్న సుష్మిత చేతికిచ్చాడు.

వంకరటింకర సంతకం. కనకమహాలక్ష్మి. పక్కన తేదీ, ఫిబ్రవరి పన్నెండు.

“ఎవరిదమ్మా?” విల్సన్ మెడ చాచాడు.

“ఎండలో... సరిగ్గా కనపడట్లేదు అన్నయ్యా,” అని సుష్మిత ఫోన్ తిరిగిచ్చేసింది. మజ్జిగ గ్లాసు ఇవ్వడం మరిచిపోయింది.

“రేపు సాయంత్రం జాబితా పైకి పోతుంది. సంతకం పెట్టినవాళ్ళే వచ్చి తప్పు చెప్పామని రాసివ్వాలి. ఇచ్చినా గ్యారంటీ లేదండోయ్. రాసుకున్న కొలతలకే డబ్బొచ్చింది. ఇప్పుడు తప్పితే మళ్ళీ మంజూరు ఎప్పుడో,” అంటూనే అంకమ్మరావు బండెక్కి వెళ్ళిపోయాడు.

“ఎవరో తప్పు రాసుంటార్లేరా,” అంది గుమ్మంలోంచి అత్తగారు. ఆ గొంతులో పొద్దుటి దర్జా లేదు.

ఫిబ్రవరి పన్నెండు. ఆ రోజుని సుష్మిత ఎన్నిసార్లు తలుచుకుని మురిసిందో! పెళ్ళికి ముందు అబ్బాయి ఇల్లు చూడ్డానికి నాన్న బయల్దేరితే, నేనూ వస్తానని పట్టుబట్టి వచ్చింది. నాగవంశీ కంగారులో తనకి రెండుసార్లు లడ్డూ ఇచ్చాడు. బందరుకి పిల్లనిచ్చేవాళ్ళు ముందడిగేది నీళ్ళ సంగతే. నాన్న కూడా అదే అడిగాడు. సరిగ్గా అప్పుడే ఎవరో కాగితాలతో గుమ్మంలోకొచ్చి, మీది పాత సీసం పైపేనా అమ్మా అన్నారు. “అబ్బే, మాదంతా కొత్త పైపే అండీ,” అని అత్తగారు నవ్వుతూ సంతకం పెట్టేసింది. నాన్న మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి తనూ నవ్వింది.

లోపలికొచ్చాక నెమ్మదిగా అంది. “అత్తయ్యా, అది మీ సంతకమే.”

“తెలుసు. ఇందాకే గుర్తొచ్చింది.” ఆవిడ మంచం అంచున కూలబడింది. “మీ నాన్న ఎదురుగా కూర్చున్నాడు. తాతలనాటి గొట్టం నీళ్ళు తాగే కొంపని చెప్పమంటావా? నిన్నిచ్చేవాడా? అప్పుడది సిగ్గే గానీ విషమని నాకేం తెలుసే?”

“చివరింట్లో స్టెల్లా ఉంది కదత్తయ్యా.”

“ఉంటే? పిల్లకి విషం పెట్టింది నువ్వేనంటాడు వాడు. వాణ్ణి ఎత్తుకు పెంచాన్నేను. ఏ మొహంతో చెప్పను? నువ్వూ కనపడట్లేదన్నావుగా!”

సుష్మిత చేతిలో ఇంకా ఉన్న మజ్జిగ గ్లాసు తీసుకెళ్ళి తూములో ఒంపేసింది.

సాయంత్రం స్టెల్లా ఎప్పట్లాగే ఎక్కాల పుస్తకంతో వచ్చింది. ఏడో ఎక్కం మొదలుపెట్టింది. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. అక్కడ ఆగింది. మళ్ళీ మొదట్నించి చెప్పింది. మళ్ళీ అక్కడే ఆగింది.

“నిన్న వచ్చిందత్తా, ఒట్టు. ఇవాళ పోయింది,” అంది నవ్వుతూ. తర్వాత ఆ నవ్వూ పోయింది.

బియ్యం ఏరుతున్న కనకమహాలక్ష్మి చేట కింద పెట్టింది. చెప్పులేసుకోకుండానే వీధిలోకి నడిచింది. సుష్మిత వెనకాలే వెళ్ళింది. విల్సన్ ఆటో తుడుస్తున్నాడు.

“ఒరే, ఆ సంతకం నాదిరా,” అందావిడ. సంబంధం సంగతి, నీళ్ళ సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది.

“నేనూ చూశాను అన్నయ్యా. చూసీ అబద్ధమాడాను,” అంది సుష్మిత.

విల్సన్ చేతిలో గుడ్డ ఆగింది. వాళ్ళ మొహాల్లోకి చూడలేదు. పొద్దుట హల్వా తెచ్చిన మనిషి ఇతనేనా అనిపించింది సుష్మితకి.

“తిట్టరా. తిట్టయినా తిట్టు,” అంది కనకమహాలక్ష్మి. “రేపు పదింటికి ఆఫీసుకి పోయి, అబద్ధం చెప్పానని నా చేత్తో రాసిస్తా.”

“పదింటికి ఆ సచివాలయం ఆయన సైటుకి వెళ్ళిపోతాడండీ,” అన్నాడు విల్సన్, ఆటో వైపే చూస్తూ. “ఎనిమిదిన్నరకి రెడీగా ఉండండి. నేనే తీసుకెళ్తా.”