ఙ దగ్గర ఆగిన పాఠం

చినమామగారి కళ్ళద్దాల దుకాణంలో, చూపు పరీక్షించే బోర్డు వెనకవైపున, ఆమెకు టిబెటన్ అక్షరాలు మొదలయ్యాయి. ఈ వయసులో ఓనమాలేమిటని కుట్టుపనిలో తోటివాళ్ళు వేళాకోళం చేశారు. చేస్తే చేశారు, వాళ్ళ సొమ్మేం పోయింది. పోయేముందు జ్వరంలో ఆమె టిబెటన్ భర్త తడబడే నాలుకతో తన భాషలో ఏదో అన్నాడు, ఒక్కో మాటకీ ఆగి ఆమె కళ్ళలోకి చూస్తూ. అదేమిటో తెలిసేదాకా ఆమెకు ముద్ద దిగేలా లేదు. మిషన్ తొక్కుతుంటే ఆ గొంతు చెవి పక్కనే వినిపిస్తుంది. తొక్కడం ఆపితే అదీ ఆగుతుంది. మొగుడు తనకు చెప్పిన మాట పరాయి నోట వినడమెందుకని ఎవరినీ అడగలేదు.

చినమామగారు పుల్లతో మొదటి వరస చూపించాడు. "క," అన్నాడు. "ఖ. గ. ఙ."

జ్వరంలో భర్త అన్నవి అవే. మన వర్ణమాలలో ఎవరికీ అక్కరకు రాకుండా ఓ మూల కూర్చునే ఆ ఙ దగ్గరే అతను ఆగిపోయాడు. ఆ పైన ఊపిరి లేదు. ఇన్నాళ్ళూ తనకేదో అప్పగింత చెప్పాడనుకుంటే, వట్టి అక్షరాలా? నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.

"చిన్నతనం గుర్తొచ్చిందేమో, మామయ్యా. ఇవే అన్నారు. ఒకటి అని, ఆగి నన్ను చూసి, మళ్ళీ ఇంకోటి."

ముసలాయన పుల్ల కింద పెట్టాడు. తమ బడిలో ఒకరు అక్షరం చెబితే ఎదుటివాళ్ళు తిరిగి అనాలట. అనేదాకా ఆగుతారట.

"వాడు నీకు పాఠం చెప్పాడమ్మా," అన్నాడు. "నువ్వు అనకపోయినా ముందుకెళ్ళాడంటే, తొందరలో ఉన్నాడన్నమాట."

పెళ్ళయిన కొత్తలో, మీ భాష నేర్పమని ఆమె అతని ప్రాణం తోడేసేది. రేపు, రేపని దాటేసేవాడు. తీరా నేర్పిన నాడు, కలవరింతలనుకుని, మాట్లాడొద్దంటూ నోట్లో నీళ్ళు పోసింది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికెళ్ళి అతని మంచం పక్కన కూర్చుంది. "ఙ," అంది, పైకే. గదిలో అలికిడి లేదు. పలకడం కుదరలేదేమోనని మళ్ళీ అంది. చెవి ఒగ్గి కూర్చుంది.

ఇందాక దుకాణంలో ముసలాయన రెండో వరస చెప్పబోతే వద్దని లేచొచ్చేసింది. అది చినమామగారు చెప్పేది కాదు.